గంభీరనామములు – వంశనిర్ణయము

ఒక పేరు చెవిని బడినంతనే దానిని ధరించినవారి కులమును, వంశమును, సంపదను ఊహించుట మనకు పరిపాటి. ఈ యూహ సభలలో వినోదమునకు పరిమితమైనచో దానిని విమర్శింపవలసిన పనిలేదు. కాని పరిశోధన వ్యాసములలో సైతము ఇంటిపేరు నొక్కదానినే ప్రమాణముగా గైకొని వంశనిర్ణయము చేయుట యప్పుడప్పుడు కనబడుచున్నది. గంభీరమైన పేరు ఘనమైన వంశమునకు సాక్ష్యమను అభిప్రాయ మెంతవరకు నిలుచునో, కోనసీమకు సంబంధించిన నామములను ముఖ్యాధారముగా జేసికొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ యభిప్రాయము మనదేశమునకే పరిమితమైనది కాదు. బ్రిటనులో 1962లో టెలివిజనున ప్రారంభమైన 'యూనివర్సిటీ ఛాలెంజ్' అను విద్యార్థుల క్విజ్ పోటీలో, సమాధానము చెప్పదలచినవాడు మీట నొక్కినతోడనే ప్రకటనకర్త కళాశాలపేరును, ఆ విద్యార్థి వంశనామమును మాత్రమే పలుకును. రెండు వంశనామములు జోడింపబడిన పేరు వినబడినచో ప్రేక్షకులు ప్రభువంశమును స్మరింతురు. అట్టి జంటపేర్లలో కొన్ని పూర్వము ఆస్తి సంక్రమణపు షరతుల వలన నేర్పడినవి. ఇటీవలివి పెక్కులు తల్లిపేరును తండ్రిపేరును సమానముగా నిలుపవలెనను కోరికచే నేర్పడినవి. రూప మొక్కటియే యైనను హేతువులు వేరు. వినువాని కా భేదము తెలియదు.

అదే నియమమును మన విద్యార్థులకు వర్తింపజేసినచో వినబడునది ఇంటిపేరు మాత్రమే. అది యేమి తెలుపును? ఏమి తెలుపజాలదు?

మొదట ఒక గ్రామనామమును దీసికొందము. రాజోలు ప్రాంతమున, మామిడికుదురు మండలములో నగరమను గ్రామము కలదు. నగరమన పట్టణము. తెలుగున 'నగరు' అన రాజగృహము. దక్షిణదేశ శాసనములలో నగర శబ్దము వర్తకసంఘమునకును వాడబడినది. ఇన్ని యర్థములు గల శబ్దము నొకదానిని పట్టుకొని యిచ్చట నొక రాజగృహ ముండెననుట సాహసము. శాసనమో, కైఫీయతో, భూమినుండి వెడలిన యవశేషమో తోడుపడినగాని యర్థము నిశ్చితము కాదు. ఊరిపేరున కవశ్యమైన యీ జాగ్రత్త మనిషిపేరునకు మఱింత యవశ్యము.

గంభీరనామములలో నధికభాగము ఒకప్పుడు బిరుదములు, లేదా పదవులు. కటకమున నేలిన ప్రభువుల బిరుదమైన 'గజపతి' విజయనగర ప్రభువులైన పూసపాటివారి పేర్లలో నంతర్భాగమైనది. సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పోషకుడైన పిఠాపుర ప్రభువు రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరు పేరున సంస్కృత, తెలుగు, పారసీక గౌరవపదములు కలిసి నిలిచినవి. కోనసీమలోని ముంగండ గ్రామమునకు చెందిన జగన్నాథునకు షాజహాను పాదుషా యిచ్చిన బిరుదము 'పండితరాజ'. ఆ బిరుదము అసలుపేరుతో నేకమైపోయినది. ఆతని యింటిపేరైన 'ఉపద్రష్ట' యాగమున నొక ఋత్విక్కు పదవిని తెలుపు శబ్దము. ప్రభువిచ్చిన గౌరవ మొకటి, వైదికకర్మవలన గలిగినది మఱియొకటి, ఒక్క పేరున జేరినవి.

అన్ని విశేషణములును గౌరవవాచకములు కావు. 624 ప్రాంతమున వేంగి రాజ్యమును స్థాపించిన విష్ణువర్ధనుని చరిత్ర 'కుబ్జ' విష్ణువర్ధనుడనియే యెఱుగును. గూనివాడను నర్థమిచ్చు పదము రాజవంశ మూలపురుషునకు విశేషణమై నిలిచినది. శబ్దగాంభీర్యమునకును పదవికిని నిత్యసంబంధము లేదనుట కిది చాలును.

'రాజు' శబ్దము మఱింత యుపదేశకరము. అల్లూరి సీతారామరాజు పేరున నది క్షత్రియకులమును సూచించుచున్నది. భోగరాజు పట్టాభి సీతారామయ్య పేరున అదే శబ్దము ఇంటిపేరులో జేరినది. పాలగుమ్మి పద్మరాజు పేరున వ్యక్తినామమున జేరినది. ఈ యిరువురును క్షత్రియులు కారు. రాజశబ్దమును జూచి కులమును నిర్ణయించు సూత్రము మూడు ఉదాహరణములలో రెంటియందు తప్పుచున్నది.

ఇంటిపేరును జూచి నిర్ణయించు సూత్రము సైతము నిలువదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యులై 'ఆంధ్రభాషావికాసము'ను రచించినవారు గంటి జోగిసోమయాజి. కోనసీమలోని యెదుర్లంకలో జన్మించి 1998 నుండి 2002 వఱకు లోకసభాపతియై, ఆ పీఠమెక్కిన తొలి దళితుడైనవాడు గంటి మోహనచంద్ర బాలయోగి. ఇంటిపేరు రెండింట నొక్కటే. అంతియ కాదు, 'జోగి' యనునది 'యోగి' శబ్దమునకు వికృతి. పొడియక్షరముల వెనుక జి.ఎం.సి. బాలయోగి ఇంటిపేరు లోకమునకు మరుగుపడినది కాని, మీట నొక్కిన విద్యార్థిని 'గంటి' యని పిలిచినచో వినువాడు ఏ కులమును ఊహించును? ఏది యూహించినను ఆ యూహకు శబ్దమునం దాధారము లేదు.

ఇక నొక యాక్షేపము. పేరు వంశమును చెప్పకున్నను సమాజస్థితిని చెప్పునుగదా యని కొందఱందురు. ఇది కొంతవఱకు సత్యము. కాని చెప్పునది గతమే యని యనుకొనుట పొరపాటు. హైదరాబాదున జన్మించిన మాదరి భాగయ్య (1888–1939) భాగ్యరెడ్డి వర్మ యను పేర ప్రసిద్ధుడై ఆది హిందూ ఉద్యమమును నడపెను. 'రెడ్డి', 'వర్మ' యను శబ్దము లాతని పేరున వంశక్రమమున వచ్చినవి కావు. తన జాతి యీ నేలకు తొలుత ప్రభువులన్న వాదమును ఆతడు పేరుననే ధరించెను. ఇట్టి నామమును వంశపత్రికగా జదువుట వ్యర్థము. ప్రకటనగా జదివిననే దాని యర్థము తెలియును.

నగరమున్న మండలమునకు కేంద్రమైన మామిడికుదురున జన్మించిన బోయి భీమన్న (1911–2005) దృష్టాంతము దీనికి ప్రతిముఖము. 'బోయి' యన పల్లకి మోయువాడు. బహద్దరులు, మహీపతులు ఎక్కిన పల్లకిని మోసినవారిని దెలుపు శబ్దమది. ఆ పేరును మార్చుకొనకయే ఆతడు 'పాలేరు' నాటకమును రచించి, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును, పద్మభూషణ బిరుదమును బడసెను. ఒకరు పేరును మార్చి గౌరవమును కోరిరి. మఱియొకరు పేరును మార్చకయే దానికి గౌరవమును దెచ్చిరి. విమర్శకుని కీ రెండును సమానముగా విలువైన సాక్ష్యములు.

దీనివలన నామపరిశోధనమే నిరర్థకమని చెప్పుట నా యుద్దేశము కాదు. ఇంటిపేరు వలన పూర్వుల గ్రామము తెలియుట కలదు. బిరుదము వలన నొక యాస్థానముతోడి సంబంధము తెలియుట కలదు. పూసపాటివారి గజపతి శబ్దము నమ్మదగిన దగుటకు కారణము దాని ధ్వని కాదు, దానికి తోడుగా నిలిచిన చరిత్రపత్రములు. 1948లో జమీందారీలు రద్దయినవి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 18వ అధికరణము బిరుదములను రద్దుచేసినది. పదవులు పోయినను శబ్దములు పేర్లలో మిగిలినవి. కనుక నేటి హాజరుపట్టికలోని 'గజపతి' నిన్నటి యధికారమునకు గుర్తు కావచ్చును, తాతపైని ప్రేమకు గుర్తు కావచ్చును, కేవలము తల్లిదండ్రుల ముచ్చట కావచ్చును.

పేరు చిన్నవిషయమను వారు 2022 సంవత్సరమును స్మరింపవలెను. ఆ యేడు ఏప్రిలులో నేర్పడిన కోనసీమ జిల్లాకు అంబేద్కరు పేరును జేర్చు ప్రతిపాదనపై మే 24వ తేదీన అమలాపురమున గృహదహనములు జరిగినవి. తరువాత ఆ పేరు స్థిరపడినది. ఒక పేరు ఎవరికి చెల్లునను వివాదము ఇండ్లకు నిప్పుపెట్టునంతటి దైనప్పుడు, పేరునుబట్టి మనుష్యుని తూచు నలవాటు నిరపాయమైనదని యెట్లనగలము? విద్యార్థి నోట సమాధానము వెలువడకముందే ఆతని పేరునకు మార్కులు వేయు శ్రోత చేయునదియు, శాసనమును జూడకముందే కవికి వంశమును గట్టు పరిశోధకుడు చేయునదియు నొక్కటే పని. నామమును ప్రశ్నగా గ్రహించి పత్రములయందు సమాధానము వెదకుటయే మన శాస్త్రమునకు తగిన మార్గము.