ముత్తాత పడవ ఎవరి కాగితంలో ఉంది?

మండపేటలో ఒకరు, బర్మింగ్‌హామ్‌లో ఒకరు. ఇద్దరి ముత్తాతలూ కాలవ పడవ నడిపినవాళ్లే అనుకుందాం. మునిమనవలిద్దరూ ఆ పడవ ఆనవాలు వెతకబోతే, అక్కడాయనకు దొరికే అవకాశం ఎక్కువ. ఇక్కడాయన పాత పెట్టె అడుగు దాకా తవ్వినా చేతికి దుమ్మే అంటవచ్చు.

ఇంగ్లండులో పడవ పిల్లలకు చదువు లేదనీ, ఇరుకు గదుల్లో రోగాలనీ సంఘసంస్కర్త జార్జి స్మిత్ పోరగా పోరగా 1877లో కాలవ పడవల చట్టం వచ్చింది. కాపురముండే పడవైతే రిజిస్టరు కావాలనీ, నంబరు వేయించుకోవాలనీ ఆ చట్టం చెప్పింది. యజమానెవరు, నడిపేదెవరు, ఏ దారి, ఎంతమంది పడుకోవచ్చు, అన్నీ రాశారు. పన్నెండేళ్లు దాటిన మనిషికి 60 ఘనపుటడుగుల చోటు, చిన్నపిల్లకు 40. తనిఖీ కోసం తీసిన కొలతలివి, ప్రేమతో తీసినవి కావు. అయినా ముత్తాత ఎంత చోటులో ఒళ్లు వాల్చాడో వాటితోనే తెలుస్తుంది.

మన గోదావరి డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. దాన్ని కట్టించిన ఇంజనీరు కాటన్ దృష్టిలో కాలవ చేనుకు నీరూ, పడవకు దారీ. మండపేట కాలవ ఆ కాలవల అల్లికలోదే. అయితే 1890 నాటి మద్రాసు కాలవల చట్టం చూపు లైసెన్సు మీదా, సుంకం మీదా. పడవ గుమ్మటం కింద ఎవరు నిద్రపోయారో దానికి పట్టలేదు. సొంతదారుడైతే పేరు కాగితమెక్కే వీలుంది. గట్టు వెంట తాడు భుజానేసుకుని లాగినవాడికి ఆ పాటి వీలూ లేదు.

ఆ లోటు పూడ్చింది కథ. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’లో రాత్రి వేళ రంగి తన కథ చెప్పుకుంటుంది. దొంగ పద్దాలు ఎలాంటివాడో ఆమె మాటల్లో మనకు తెలుస్తుంది. ఏ రిజిస్టరుకూ అందని గొంతు అది. కానీ మునిమనవడికి కావలసిన నంబరూ కొలతా కథలో దొరకవు. రిజిస్టరు మనిషికి చోటెంతో చెప్పి మాట వదిలేసింది, కథ మాట పట్టుకుని కొలత వదిలేసింది. ఒకటుంటే రెండోది అక్కర్లేదనుకోవడమే పొరపాటు.

కాబట్టి మండపేటలో వెతికేవారు పడవ పేరు దగ్గర మొదలుపెట్టకూడదు. మామ్మనడగాల్సింది, “తాత ఎవరి ధాన్యం మోసేవాడు? ఏ లాకు దగ్గర రాత్రి ఆగేవాడు?” అని. ఆ ధాన్యం గల ఇంటి ఖాతా పుస్తకంలో ‘పడవ కిరాయి’ అనే పద్దు ఒకటి ఉండి ఉండవచ్చు. పక్కన పేరు లేకపోయినా, రూపాయల అంకె ఉంటుంది. మన ముత్తాత రిజిస్టరులో కాదు, ఇంకొకరి ఖర్చులో దొరుకుతాడు.