తలల లెక్కా, అడుగుల లెక్కా?

ఏజెన్సీలో ఆసుపత్రుల విస్తరణ గురించి మాట వచ్చినప్పుడల్లా రెండు వాదనలు వినిపిస్తాయి. మొదటిది ప్రభుత్వాలు చెప్పేది. ఇన్ని సబ్ సెంటర్లు పెట్టాం, ఇన్ని పీహెచ్‌సీల స్థాయి పెంచాం, ఇన్ని పడకలు వేశాం అంటారు. రెండోది ఉద్యోగుల నోట, పత్రికల్లో, ఒక్కోసారి మనలోనే చదువుకున్నవాళ్ళ నోట వినిపించేది. ఎన్ని పెట్టి ఏం లాభం, ఆదివాసులు ఆసుపత్రికి రారు, వాళ్ళకు మంత్రాల మీదే నమ్మకం అంటారు. ఈ రెండు వాదనలూ ఒకదానికొకటి తోడు. మా పని అయిపోయిందని మొదటిది చెబుతుంది. మిగిలిన తప్పంతా మీదేనని రెండోది చెబుతుంది. రెంటినీ విప్పి చూడకుండా విస్తరణ గురించి మాట్లాడితే ఉపయోగం లేదని మేము అనుకుంటున్నాం.

ముందు రెండో వాదన చూద్దాం. రోడ్డు లేని కొండ ఊళ్ళలో నొప్పులు మొదలైన ఆడమనిషిని డోలీ కట్టి మోసుకొస్తారు. బురదలో, వాగుల్లో భుజాలు మార్చుకుంటూ బండి దొరికే చోటిదాకా నడుస్తారు. ప్రతి వానాకాలం పత్రికల్లో ఆ ఫోటోలు వస్తాయి, కింద నాలుగు జాలిమాటలు రాస్తారు. ఆ ఫోటోను మరోసారి చూడమని మా మనవి. ఆసుపత్రి మీద నమ్మకం లేనివాళ్ళు అన్ని కిలోమీటర్లు మనిషిని మోసుకొస్తారా? ఆసుపత్రి కోసం మనవాళ్ళు ఎంత కష్టానికి సిద్ధపడతారో డోలీయే సాక్ష్యం చెబుతోంది. వాళ్ళు రానివాళ్ళు కారు, చేరలేకపోతున్నవాళ్ళు. "రారు" అనే మాటకూ "చేరలేరు" అనే మాటకూ మధ్య ఉన్న తేడాలోనే బాధ్యత ఎవరిదో తేలుతుంది.

మరి ముందుగా వెజ్జు దగ్గరికి ఎందుకు వెళ్తారు? అతను ఊళ్ళోనే ఉంటాడు. మన భాష మాట్లాడతాడు. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. చేతిలో డబ్బు లేకపోతే గింజలు పండాక ఇమ్మంటాడు. మలేరియా ముదిరి మెదడుకెక్కితే, కాన్పు అడ్డం తిరిగితే, సికిల్ సెల్ పిల్లవాడు నొప్పులతో మెలికలు తిరుగుతుంటే వెజ్జు చేయగలిగింది ఏమీ లేదు. ఆలస్యం ప్రాణం తీస్తుంది. ఈ మాట మన గూడేల్లో మనమే గట్టిగా చెప్పాలి. అయితే దగ్గర, భాష, వేళ, ఖర్చు అనే ఆ నాలుగు గుణాలూ ఆసుపత్రికి కూడా ఉండాలి కదా. అవి లేని ఆసుపత్రిని పెట్టి, అవి ఉన్న వెజ్జు దగ్గరికి వెళ్ళారని తిట్టడం న్యాయం కాదు.

ఇక మొదటి వాదన, అంటే లెక్కల వాదన. 1946లో భోర్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ ఆలోచన నుంచే 1952లో సమాజ వికాస పథకం కింద దేశంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాయి. ఆ తర్వాత జనాభాను బట్టి కొలతలు ఏర్పడ్డాయి. మైదానంలో 5,000 మందికి ఒక సబ్ సెంటర్, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ, 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాల్లో ఆ సంఖ్యలు 3,000, 20,000, 80,000. మనకు సడలింపు ఇచ్చారు, నిజమే. కానీ ఇచ్చిన సడలింపు కూడా తలల లెక్కలోనే ఉంది.

ఆ లెక్కను బడిలో పిల్లలతో చేయించినట్టు చేసి చూద్దాం. ముప్పై ఇళ్ళ గూడెం అనుకుందాం, సుమారు 150 మంది ఉంటారు. 3,000 మంది కావాలంటే అలాంటి గూడేలు 20 కలవాలి. ఏఎన్ఎం రోజుకు ఒక గూడెం తిరిగినా, ఆదివారాలు, మీటింగులు, రిపోర్టులు పోను మళ్ళీ అదే గూడేనికి రావడానికి నెల పడుతుంది. ప్రమాదకరమైన మలేరియా నెల ఆగదు, నాలుగు రోజులు కూడా ఆగదు. 20,000 మంది అంటే 130కి పైగా గూడేలు. 80,000 మంది అంటే 500 దాటిన గూడేలు. ఆ 500 గూడేలకూ కలిపి 30 పడకలు, సర్జన్, ఫిజీషియన్, కాన్పుల డాక్టరు, పిల్లల డాక్టరు ఉండాలని నియమం. ఆ నాలుగు కుర్చీల్లో ఒక్కటి ఖాళీగా ఉన్నా రోగిని జిల్లా కేంద్రానికి పొమ్మంటారు. మైదానంలో 80,000 మంది కొన్ని పెద్ద ఊళ్ళలో దగ్గరదగ్గరగా ఉంటారు. మన దగ్గర అదే సంఖ్య కొండకొకరు, వాగుకొకరుగా పరచుకుని ఉంటుంది. తలల లెక్కలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అడుగుల లెక్కలో ఒకటి కావు.

అడుగుల లెక్క ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు. నడిచి అరగంటలో సబ్ సెంటర్ చేరేలా ఉండాలనే కొలతను ఎంపిక చేసిన కొండ, ఎడారి జిల్లాల కోసం జాతీయ ఆరోగ్య మిషన్ ఒప్పుకుంది. గిరిజన ఆరోగ్యంపై డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన 2013లో వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. దేశ జనాభాలో ఆదివాసులు 8.6 శాతమే అయినా, మలేరియా మరణాల్లో దాదాపు సగం వాళ్ళవేనని ఆ నివేదిక చూపింది. మందు ఉన్న జబ్బుతో ఇంతమంది పోతున్నారంటే లోపం మందులో లేదు. మందుకూ మనిషికీ మధ్య ఉన్న దారిలో ఉంది.

ఇటీవలి సంవత్సరాల్లో కొత్తగూడెం, ఆసిఫాబాద్, ములుగు, పాడేరుల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మన పిల్లలు తెల్లకోటు వేసుకుని అందులో చదవాలని మేమూ కోరుకుంటాం, వాటిని తక్కువ చేయడం లేదు. అయితే విస్తరణ పైపైకే జరుగుతోంది, పక్కలకు పాకడం లేదు. మేడ మీద మేడ వేస్తున్నారు, మెట్లు కట్టడం లేదు. గూడెంలో రక్తపరీక్ష కిట్టు, ఆశా కార్యకర్త దగ్గర మలేరియా మాత్రలు, వాగు అవతల ఒక బండి, ఇవే ఆ మెట్లు. సికిల్ సెల్ సంగతే చూడండి. 2023 జులైలో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకున్నారు. మంచిదే. పరీక్ష ఒకసారి చేస్తే సరిపోతుంది, మందు మాత్రం ఏళ్ళ తరబడి వాడాలి. దానికోసం కూలి మానుకుని బస్సు ఛార్జీలు పెట్టుకుని పట్నం పోవాల్సి వస్తే ఎన్ని నెలలు వాడగలరు? మధ్యలో మానేస్తే "చెప్పినా వినరు" అనే మాట సిద్ధంగా ఉంటుంది.

దారి ఒక్కటే దూరం కాదు, భాష కూడా దూరమే. కోయ, గోండి, కొలామి, కువి మాట్లాడే అవ్వ తన నొప్పిని తెలుగులో ఎలా చెప్పుకోవాలి? మా బడులకు తల్లిదండ్రులు మందుల చీటీలు పట్టుకుని వస్తుంటారు. ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి అని మేమే చదివి చెబుతాం. ఆ మాట ఆసుపత్రిలోనే వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పగల మనిషి ఉండాలి. దీనికి మన చరిత్రలోనే దారి ఉంది. 1943లో హైమన్‌డార్ఫ్ ఆధ్వర్యంలో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చి, గోండు పిల్లలకు గోండిలోనే చదువు మొదలుపెట్టించారు. బడికి పనికొచ్చిన ఆ పద్ధతి ఆసుపత్రికి ఎందుకు పనికిరాదు? మన ఆడపిల్లలకు మన జిల్లాల్లోనే నర్సింగ్ శిక్షణ ఇచ్చి, మన సబ్ సెంటర్లలోనే వేయాలని అడగాలి.

ఇక్కడ జీవో నంబర్ 3 గుర్తు చేసుకోకుండా ముందుకు పోలేం. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు అది. బయటి టీచర్లు ఏజెన్సీలో నిలవకపోవడం, బడులు మూతపడి ఉండటం దాని వెనకున్న కారణం. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఉద్యోగాలు పోయాయని మనం బాధపడ్డాం. కానీ ఉత్తర్వు పోయినా దానికి కారణమైన సమస్య పోలేదు. బడికి ఎవరూ నిలవని చోట ఆసుపత్రికి మాత్రం ఎవరు నిలుస్తారు? స్థానిక నియామకాల కోసం మన సంఘాలు చేసే పోరాటంలో టీచరు పోస్టుల పక్కన నర్సు, ఏఎన్ఎం, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులను కూడా చేర్చాలి.

చివరిది అజమాయిషీ. ఈ విషయంలో అమెరికాలోని నల్లజాతి పేదల అనుభవం మనకు పనికొస్తుంది. 1960లలో మిసిసిపీ రాష్ట్రంలోని మౌండ్ బయూలో జాక్ గైగర్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం పెట్టారు. తిండి లేక జబ్బుపడిన పిల్లలకు అక్కడి డాక్టర్లు మందుల చీటీ మీద పాలు, కూరగాయలు, మాంసం రాసిచ్చి, మందుల ఖాతాలోంచే డబ్బు కట్టారు. ఆకలి జబ్బుకు మందు తిండే కదా. తర్వాత అక్కడి చట్టంలో ఒక నియమం వచ్చింది. ఇలాంటి కేంద్రాలను నడిపే బోర్డులో సగానికి మించి సభ్యులు అక్కడ వైద్యం చేయించుకునేవాళ్ళే అయి ఉండాలి.

మనకు అంతకన్నా బలమైన చట్టమే ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సామాజిక రంగాల సంస్థల మీద, వాటిలో పనిచేసే ఉద్యోగుల మీద అజమాయిషీ అధికారం గ్రామసభకూ పంచాయతీలకూ ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఆసుపత్రి కూడా అలాంటి సంస్థే. సంత రోజున డాక్టరు ఉండాలా వద్దా అన్నది గ్రామసభ చెప్పగల మాట. మనవాళ్ళు మండల కేంద్రానికి వచ్చేదే సంత రోజున. ఆ రోజు గది తాళం వేసి ఉంటే జబ్బు ఇంకో వారం ముదురుతుంది. నెలలు నిండిన ఆడవాళ్ళు కాన్పుకు ముందే వచ్చి ఉండటానికి సాలూరులో పెట్టినటువంటి గర్భిణుల వసతి గృహం మన దగ్గర కూడా కావాలని తీర్మానం చేయగలిగేది గ్రామసభే. చట్టం పుస్తకంలో ఉంది, మన మినిట్స్ బుక్కులో మాత్రం ఆసుపత్రి గురించి ఒక్క వాక్యం ఉండదు.

అందుకే యువతకూ, తోటి ఉపాధ్యాయులకూ మేము చెప్పేది ఇదే. ఒక నోటుబుక్కు తీయండి. మీ పంచాయతీలోని ప్రతి గూడెం పేరు రాయండి. అక్కడి నుంచి సబ్ సెంటర్‌కు, పీహెచ్‌సీకి, కాన్పు చేసే ఆసుపత్రికి ఎండాకాలంలో ఎంతసేపు, వానాకాలంలో ఎంతసేపు నడవాలో గూడెంవాళ్ళనే అడిగి రాయండి. దారిలో వాగులెన్ని, ఫోను సిగ్నల్ ఎక్కడిదాకా అందుతుంది, 108 బండి ఎక్కడ ఆగిపోతుంది, మన భాష వచ్చినవాళ్ళు ఆసుపత్రిలో ఎవరున్నారు అన్నవీ రాయండి. బడిపిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు పని ఉండదు. దూరం, కాలం, పటం అన్నీ అందులోనే నేర్చుకుంటారు. ఆ పట్టికను గ్రామసభలో చదివి, తీర్మానం చేసి, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రభుత్వం దగ్గర తలల లెక్క ఎప్పటి నుంచో ఉంది. అడుగుల లెక్క మన దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు.