‘ఐట్’ అంటే రాయేనా?

పదం చివర ‘ఐట్’ వస్తే అది రాయి పేరని విద్యార్థులకు ఒక సులభసూత్రం చెప్పడం కద్దు. జ్ఞాపకం ఉంచుకోవడానికి ఇది బాగానే ఉంటుంది. అయితే ఎంతవరకు నిలుస్తుందో చూడవలసి ఉన్నది.

ముందుగా లేపాక్షి రాతినే తీసుకుందాం. అక్కడి వీరభద్రాలయం కూర్మశైలమనే గ్రానైట్ గుట్టమీద ఉన్నది. గ్రానైట్ రాయే గనుక సూత్రం సరిపోయినట్లే తోస్తుంది. కాని ఈ మాట ఇటాలియన్ ‘గ్రానిటో’ నుంచి వచ్చింది. ‘గింజలు గలది’ అని దాని అర్థం. ఆ రాతిని దగ్గరగా చూస్తే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం రేణువులు వేరువేరుగా కనిపిస్తాయి. ఇక్కడి ‘ఐట్’ గింజలను తెలిపే మాటలో భాగమే గాని, రాళ్ళ పేర్లకు చేర్చే ప్రత్యయం కాదు.

ఆ ప్రత్యయం గ్రీకు భాషది. ‘ఇతేస్’ అంటే ‘సంబంధించినది’, ‘ఆ విధమైనది’. దాని పక్కన రాయి అని అర్థమిచ్చే ‘లిథోస్’ ఉండేది. వాడుకలో ఆ మాట లోపించి, ప్రత్యయమే రాతిని సూచించసాగింది. హెమటైట్ అంటే నెత్తురువంటిది. మెరుగులేని పింగాణిమీద గీస్తే అది ఎర్రని చార విడుస్తుంది. స్టియటైట్ పేరులో కొవ్వు ఉన్నది. ఆ రాయి చేతికి జిడ్డుగా తగులుతుంది. మనవారు దానినే బలపపు రాయి అన్నారు. 1789లో వెర్నర్ ‘వ్రాయు’ అనే గ్రీకు ధాతువునుంచి గ్రాఫైట్ పేరు కల్పించినదీ ఈ దృష్టితోనే. తూర్పు కనుమలలోని ఒక శిలకు 1902లో వాకర్ అక్కడి ఖోండు జాతి పేరు చేర్చి ఖొండలైట్ అన్నాడు.

సూత్రం బెడిసికొట్టేది రసాయనశాస్త్రంలో. 1787లో లెవోయిజర్, అతని సహచరులు రూపొందించిన నామకరణ పద్ధతిలో ‘ఐట్’ ఆక్సిజన్ తక్కువగా గల లవణాన్ని, ‘ఏట్’ ఎక్కువగా గల లవణాన్ని తెలుపుతాయి. సల్ఫైట్‌లో ఆక్సిజన్ పరమాణువులు 3, సల్ఫేట్‌లో 4. నైట్రైట్‌లో 2, నైట్రేట్‌లో 3. కాబట్టి ప్రత్యయం చెప్పేది తారతమ్యమే గాని నిర్ణీత సంఖ్య కాదు. ఇక 1867లో నోబెల్ పేరు పెట్టిన డైనమైట్ ఖనిజమూ కాదు, లవణమూ కాదు. శక్తి అనే గ్రీకు మాటకు ప్రత్యయం చేర్చిన పేరు.

తెలుగు లిపిలో ఇవన్నీ ఒకే ‘ఐట్’గా కనిపిస్తాయి. అంతర్జాతీయ నామాలను అట్లే ఉంచుకోవడంలో దోషం లేదు. పుట్టుక చెప్పక ఒకే అర్థం అంటగట్టడమే దోషం. సల్ఫైట్‌ను రాయిగా తలచే విద్యార్థి తర్వాత దాని సంకేతాన్ని అర్థం లేకుండా వల్లెవేయవలసి వస్తుంది. ఉపాధ్యాయుడు ఇటువంటి పేరు నల్లబల్లమీద వ్రాసినపుడు రెండు ప్రశ్నలు వేయించడం మేలు: ప్రత్యయానికి ముందున్న మాట ఏమి చెబుతున్నది? ఇది ఖనిజం పేరా, లవణం పేరా? బలపంవంటి తెలుగు మాట ఉన్నచోట దానినీ పక్కనే వ్రాస్తే, పేరు పెట్టడంలోని ఆలోచన విద్యార్థికి తన భాషలోనే బోధపడుతుంది.