విద్యల మారుబేరం: ‘సివిలిజేషన్’ ఆటలో తొలి రాయబారాలు

చదరంగంలో బలగమంతా మొదటి ఎత్తుకు ముందే పలకమీద నిలిచి ఉంటుంది. ఏమీ లేని స్థితినుండి ఒక రాజ్యాన్ని వంతు వంతుకూ పెంచుకొంటూ పోయే ఆటలు వేరొక తరగతికి చెందినవి. కంప్యూటరుమీద ఆడే ఇట్టి ఆటలలో మిక్కిలి పేరు పొందినది ‘సివిలిజేషన్’. సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ కలసి దీనిని రూపొందించగా 1991లో మైక్రోప్రోస్ సంస్థ విడుదల చేసింది. అప్పటినుండి ఒకదాని తరువాత ఒకటిగా ఏడు ఆటలు వచ్చినవి; ఏడవది 2025లో వెలువడింది. ఆటగాడు క్రీ.పూ. 4000లో ఒక చిన్న గుంపుతో బయలుదేరి, ఊరు కట్టి, కుమ్మరపని, వ్రాత, కంచుపని వంటి విద్యలను ఒక్కొక్కటిగా సాధించుకొంటాడు. ప్రక్క రాజ్యాలను కంప్యూటరు నడుపుతుంది.

విజ్ఞానశాస్త్ర పత్రికలో ఆటకు చోటేమిటని ఉపాధ్యాయులు అడుగవచ్చును. ఈ ఆటకు గుండెకాయ వంటిది విద్యల పటం. ఏ విద్య తరువాత ఏ విద్య వస్తుందో, దేనికి ఏది ఆధారమో అందులో గీతలు గీచి చూపుతారు. పాఠ్యపుస్తకంలో చదివిన విజ్ఞానచరిత్రను మరచిపోయిన విద్యార్థి కూడ ఈ పటాన్ని మరచిపోడు. కావున అది నేర్పే చరిత్ర మంచిదా, చెడ్డదా అన్న విచారణ అవసరమే. పటాన్ని గురించి వాదాలు చాల జరిగినవి. ఒక రాజ్యంలోని విద్య మరొక రాజ్యానికి ఎట్లు చేరుతుందన్న సంగతిని మాత్రం ఆటగాళ్ళు లాభనష్టాల లెక్కగానే చూస్తారు. ఇక్కడ పరిశీలించదలచినది ఆ ఒక్క సంగతినే, అందులోను ఆట తొలిఘట్టాన్నే.

ఇదే పేరుతో బల్లమీద ఆడే ఆటను ఫ్రాన్సిస్ ట్రెషమ్ అను ఆంగ్లేయుడు 1980లోనే తెచ్చాడు. అందులో ఆటగాళ్ళు ఉప్పు, ధాన్యం, బంగారం వంటి సరకుల చీటీలను మార్చుకొంటారు. ఒకే సరకు చీటీలు ఎన్ని కూడితే విలువ ఆ సంఖ్య వర్గానుసారంగా పెరుగుతుంది: 3 విలువగల ఉప్పు చీటీ ఒకటైతే 3, నాలుగైతే 3×16, అనగా 48. అందువలన అందరూ కేకలు వేస్తూ బేరాలకు దిగవలసిందే. అంటురోగం వంటి విపత్తుల చీటీలను కూడ సరకులలో దాచి ప్రక్కవానికి అంటగట్టవచ్చును! ఐతే విద్యలు మాత్రం చేతులు మారవు. ఎవరి సరకుతో వారు కొనుక్కోవలసినదే. విద్యనే బేరపు వస్తువుగా చేయడం కంప్యూటరు ఆట వేసిన సాహసమైన అడుగు.

సరకుకు, విద్యకు ఉన్న భేదం బడిపిల్లలకు కూడ తెలిసినదే. ఉప్పు ఇచ్చినవానికి ఉప్పు తగ్గుతుంది. విద్య ఇచ్చినవానికి విద్య తగ్గదు. ఈ చిన్న సత్యాన్ని ఆట నియమంగా పెట్టగానే ఎంతటి చిత్రమైన ఫలితాలు వస్తవో 2001లో వచ్చిన మూడవ ఆటలో చూడవచ్చును. ఏడు రాజ్యాలు ఉన్నవనుకొందాము. ప్రతిదానికి ఇతరులకు లేని విద్య ఒక్కొక్కటి ఉన్నది. అన్నింటి విలువ సమానం. ఒక రాజ్యానికి మిగిలిన ఆరింటితోను పరిచయం ఉన్నది, ఆ ఆరింటికి ఒకదానితో ఒకదానికి పరిచయం లేదు. అప్పుడు మధ్యనున్న రాజ్యం తన ఒక్క విద్యను ఆరుగురికి ఇచ్చి, ఆరు విద్యలు పుచ్చుకొంటుంది. ఆరుగురికి దక్కినది ఒక్కొక్కటే. అంతటితో ఆగలేదు. ఒకరివద్ద తీసుకొన్న దానిని తక్కిన ఐదుగురికి అమ్మవచ్చును గనుక ఇంకను 6×5, అనగా 30 మారుబేరాలు మిగిలి ఉన్నవి. సొంతంగా కనిపెట్టినది ఒక్కటే. మిగిలినదంతా దళారి లాభం.

ఇక ఏడుగురికీ పరస్పర పరిచయం ఉన్నదనుకొందాము. జంటలు 21, చేతులు మారే విద్యలు 42. చివరకు అందరివద్దను ఏడేసి విద్యలుంటవి, ఎవరును ఎవరికంటె ముందుండరు. అనగా మొదటి సందర్భంలో లాభం వచ్చినది జ్ఞానం వలన కాదు, పరిచయం వలన. మూడవ ఆటను రూపొందించినవారు దీనిని బాగుగా ఎరుగుదురు కాబోలు, పరిచయాన్ని కూడ అమ్మకపు వస్తువుగానే పెట్టినారు. ‘సముద్రానికి ఆవల ఒక రాజు ఉన్నాడు, నీకు చూపిస్తాను, ఏమిస్తావు?’ అని బేరమాడవచ్చును. 2003లో వచ్చిన అనుబంధంలో ఈ అమ్మకాన్ని అచ్చు విద్య వచ్చేవరకు వాయిదా వేశారు. ఆ ముచ్చట అంత త్వరగా అందరినీ కలిపివేయడమే అందుకు కారణమని ఊహించవచ్చును.

మూడవ ఆటలో యంత్రపు రాజులు తమలో తాము ఎడతెగకుండా విద్యలు మార్చుకొంటారు. ఒకరికి అమ్మిన విద్య మరుసటి వంతుకు అందరివద్దకు చేరుతుంది. అందువలన అనుభవంగల ఆటగాడు ఒక విద్య చేతికి రాగానే అదే వంతులో అందరికీ అమ్మివేస్తాడు. రేపటికి దాని విలువ ఉండదు. తెలిసినవారి సంఖ్య పెరిగినకొలది ఆ విద్యను సాధించడానికి అయ్యే శ్రమ కూడ తగ్గుతుంది. ఇది మెచ్చదగిన నియమం. రహస్యం పాతబడినకొలది చవుక అవుతుందన్నది లోకంలోను నిజమే. ఐతే ఆట రుచి మాత్రం చెడుతుంది. ప్రతి వంతులోను ప్రతి రాజును పిలిచి, ఏమున్నదో అడిగి, ఇంకొక నాణెం ఎక్కువ ఇస్తాడా అని పీడించడం సంతలో కూరగాయల బేరం కంటె విసుగు పుట్టిస్తుంది.

2005లో సోరెన్ జాన్సన్ ప్రధాన రూపకర్తగా ఫిరాక్సిస్ సంస్థ తెచ్చిన నాలుగవ ఆట ఈ విషయంలో అన్నింటికంటె ఆలోచించి చేసినది. అందులో సాధారణ వేగాన మొదటి 75 వంతులు ఒక్కొక్కటి 40 సంవత్సరాలు, అనగా క్రీ.పూ. 4000 నుండి క్రీ.పూ. 1000 వరకు. వ్రాత వచ్చిన తరువాతనే రెండు రాజ్యాలు ఒకదానికొకటి సరిహద్దులు తెరవగలవు; అక్షరమాల వచ్చేవరకు విద్యల మార్పిడికి తలుపు తెరుచుకోదు. వ్రాతకు 120, ఇనుపపనికి 200, అక్షరమాలకు 300 పాళ్ళ పరిశోధన అని మూలవిలువలు. ఈ పాళ్ళకు బీకరు బొమ్మ గుర్తు! ఇంత ఖరీదైన అక్షరమాల తనంతట తాను పొలాన్ని పండించదు, కోటను కాపాడదు. దాని ప్రయోజనంలో ఎక్కువభాగం ఇతరులతో మాట్లాడడంలో ఉన్నది. విద్యను విద్యకు వాహనంగా చూపిన ఈ నియమం పాఠం చెప్పేవారికి కూడ పనికివస్తుంది.

నాలుగవ ఆటలో రాజుల మనసులు కూడ అంకెలలో తెరమీద కనిపిస్తవి. న్యాయంగా బేరమాడితే కొన్ని అంకెలు కూడుతవి. తమ పరమశత్రువుతో బేరం చేస్తే కొన్ని తీసివేత. బేరాల ద్వారా ఎన్ని విద్యలు సంపాదించాడో యంత్రపు రాజులు గుర్తు పెట్టుకొంటారు. అది హద్దు మీరితే, మీరు మరీ ముందుకు పోతున్నారు, ఇక ఇవ్వమంటారు. రాయబారాన్ని జమాఖర్చుగా దించివేశారని కొందరు ఆక్షేపిస్తారు. ఆ ఆక్షేపణలో పస లేదు. కారణం తెలియని కోపం కంటె, కారణం వ్రాసి చూపిన కోపం విద్యార్థికి ఎక్కువ నేర్పుతుంది.

ఆక్షేపించదగినది వేరొకటున్నది. ఒక్కొక్క రాజుకు ఒక్కొక్క స్వభావాన్ని జీవితాంతం అంటగట్టడం. మాలి దేశపు మాన్సా మూసా విద్యలను ధారాళంగా మార్చుకొంటాడు. జపానుకు చెందిన తొకుగావా తలుపులు బిగించుకొని కూర్చుంటాడు. ఆటలో కనిపించే తొకుగావా ఇయెయాసు. చరిత్రలో ఆయన 1600లో తన తీరానికి కొట్టుకొనివచ్చిన విలియం ఆడమ్స్ అను ఆంగ్ల నావికుని దగ్గరకు తీసి, ఓడలు కట్టించుకొన్నవాడు. తలుపులు మూసినది 1630 దశకంలో ఆయన మనుమడు ఇయెమిట్సు. మనుమని నేరం తాతకు చుట్టినారు! పైగా మూసిన తరువాత కూడ దెజిమా అను చిన్న ద్వీపంలో డచ్చి వర్తకులు మిగిలి ఉన్నారు. ఆ సందుగుండా గ్రంథాలు వచ్చినవి. 1774లో ఒక శరీరశాస్త్ర గ్రంథం డచ్చి భాషనుండి అనువాదమై జపానులో అచ్చయినది. ఎంత మూసినా విద్య కారిపోతూనే ఉంటుందన్న ఈ సంగతికి ఆట రాయబారంలో తావు లేదు.

అంతకంటె పెద్ద లోపం మార్పిడి జరిగే తీరులోనే ఉన్నది. ఇద్దరు రాజులు అంగీకరించగానే విద్య ఆ క్షణంలో, సంపూర్ణంగా, ఏ మార్పును లేకుండా అవతలివారికి చేరుతుంది. నేర్పేవారు లేరు, నేర్చుకొనేవారు లేరు. అక్షరమాల కథనే చూడండి. ఫినీషియనుల లిపిలో హల్లులు మాత్రమే ఉండేవి. క్రీ.పూ. 8వ శతాబ్దినాటికి గ్రీకులు దానిని తీసుకొని, తమ భాషలో లేని ధ్వనుల గుర్తులను అచ్చులకు వాడుకొన్నారు. ‘ఆలెఫ్’ అను హల్లు ‘ఆల్ఫా’ అను అచ్చు అయినది. పుచ్చుకొన్నవారు ఇచ్చినవారికంటె వేరొక వస్తువును చేసుకొన్నారు. ఆటలో గ్రీకురాజు కొన్న అక్షరమాల అమ్మినవాని అక్షరమాలే.

చేతిపనుల విషయంలో ఇది మరింత స్పష్టం. ఆట తొలిఘట్టానికి చాల తరువాతిదైనా, ఒక ఉదాహరణ తెలుగునాటనే ఉన్నది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కరగించి చేసిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుక్కొని పోయేవారు. హెన్రీ వోయ్సీ ఆ కొలుములను చూచి వ్రాసిన వర్ణన 1832లో అచ్చయినది. ఇంగ్లండులో స్టోడార్ట్‌తో కలసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు చేసిన మైకేల్ ఫారడే కూడ ఈ జాతి ఉక్కును పరీక్షించాడు. దాని గుణానికి అందులోని కొద్దిపాటి సిలికా, అల్యూమినా కారణమని తలచాడు, అది సరికాదు. వస్తువు చేతిలో ఉన్నా, పనిని కళ్ళారా చూచిన వర్ణన ఉన్నా, పనివాని ఒడుపు ఓడ ఎక్కి పోలేదు.

ఆటలో ఎవరును ఉచితంగా వచ్చిన విద్యను వద్దనరు. చరిత్రలో వద్దన్నారు. సున్నతో లెక్క చేసే సూత్రాలను బ్రహ్మగుప్తుడు 628లో వ్రాశాడు. ఆ అంకెలు అరబ్బుల ద్వారా ఐరోపాకు చేరగా, ఫిబొనాచి 1202లో వాటిపై గ్రంథం వ్రాశాడు. ఐనను 1299లో ఫ్లారెన్సు నగరపు సొమ్ము మార్పిడి వర్తకుల సంఘం తమ లెక్కల పుస్తకాలలో ఆ అంకెలను నిషేధించింది. పుచ్చుకొనేవారి ఇష్టాయిష్టాలు, భయాలు బేరపు తెరమీద ఎక్కడా లేవు.

మారుబేరపు దోషాన్ని రూపకర్తలు గుర్తించకపోలేదు. నాలుగవ ఆటకు 2007లో వచ్చిన అనుబంధంలో ఒక ఐచ్ఛిక నియమం చేర్చినారు: స్వయంగా పరిశోధించి సాధించిన విద్యను మాత్రమే ఇతరులకు ఇవ్వవచ్చును, బేరంలో వచ్చినదానిని మరల అమ్మరాదు. పైలెక్కలోని 30 మారుబేరాలు ఒక్క దెబ్బతో పోతవి. ఆరు న్యాయమైన మార్పిడులు నిలుస్తవి. ఆడడానికి ఇంతకు మించిన నియమం ఈ ఆటలలో లేదనవచ్చును. చరిత్రకు మాత్రం అది దూరం. ఫినీషియనులు, అరబ్బులు చేసినది మారుబేరమే కదా!

2010లోని ఐదవ ఆట ఈ చిక్కునంతా విప్పడానికి బదులు తెంపివేసింది. విద్యల మార్పిడి తీసివేసి, ఇద్దరు రాజులు చెరికొంత బంగారం వేసి కొన్ని వంతుల తరువాత చెరికొంత పరిశోధన పొందే ఒప్పందం పెట్టింది. ఇందులో ఎవరివద్దనుండి ఎవరికి ఏమి వచ్చిందో తెలియదు. ఇది బ్యాంకులో వేసిన డిపాజిట్టు వంటిది. ఇచ్చినా తగ్గదన్న సత్యం కాస్తా దోషంతోపాటు కొట్టుకొని పోయింది. ఆరవ, ఏడవ ఆటలలోను మార్పిడి తిరిగి రాలేదు.

ఐతే 2016లోని ఆరవ ఆట దొడ్డిదారిన ఒక మంచి ఊహను తెచ్చింది. ఏదేని పని చేసినప్పుడు దానికి సంబంధించిన విద్యకు కావలసిన శ్రమలో కొంత తగ్గుతుంది. ఆట విడుదలైనప్పుడు ఆ తగ్గింపు సగం. తరువాత 40 శాతానికి దించారు. సముద్రతీరాన ఊరు కడితే నావికవిద్య తేలికవుతుంది. రాతిగని తవ్వితే తాపీపని తేలికవుతుంది. ‘వ్రాత’ తేలిక కావడానికి పెట్టిన షరతు మరొక నాగరకతను కలుసుకోవడం. బేరం లేదు, చీటీ లేదు. అటువంటిదొకటి లోకంలో ఉన్నదని తెలిస్తే చాలు. మిగిలిన సగం ఎవరికి వారు కష్టపడవలెను.

దీనికి సరియైన సాక్షి అమెరికాలోని చెరొకీ జాతికి చెందిన సెకోయా. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవారు కాగితంమీద గీతలు గీచి మాటలు పంపుకొంటారని మాత్రం చూచాడు. ఏండ్ల తరబడి శ్రమించి 1821నాటికి తన భాషకు ఎనభైకి పైగా గుర్తులతో ఒక లిపిని పూర్తిచేశాడు. కొన్ని గుర్తులు ఇంగ్లీషు అక్షరాలవలెనే ఉంటవి గాని వాటి ధ్వనులు వేరు; చెరొకీ లిపిలో ‘డి’ ఆకారపు గుర్తును ‘అ’ అని చదువుతారు.