చలనచిత్రములందు రూలెట్ చక్రము

పేకాటయందు ఆటగాని కెదుట మఱియొక ఆటగాడుండును. ఎదుటివాని ముఖమును జదువుట, తన ముఖభావమును దాచుట యను నేర్పునకు దానియందు దావు కలదు. కావున నది నాటకమునకు సహజముగనే లొంగును. రూలెట్ అట్టిది కాదు. ఐరోపాఖండమున వాడుకలోనున్న చక్రమునందు 1 మొదలు 36 వఱకు సంఖ్యలును, ఒక సున్నయు గలిసి 37 గదులుండును. చక్రము తిరుగును, చిన్న గోళి దానిపై బరువెత్తి యొక గదియందు బడును. ఒక్క సంఖ్యపై బణమొడ్డి గెలిచినవానికి 35 రెట్లు మాత్రమే యిత్తురు. అందుచే ఒడ్డిన ధనములో నూటికి సుమారు 2.7 వంతున కాలక్రమమున ద్యూతశాలకే చేరును. చక్రమునకు జ్ఞాపకము లేదు, రాగద్వేషములు లేవు. 1913 ఆగస్టు 18వ తేదీని మాంటీకార్లోలో నలుపు వరుసగా 26 మాఱులు పడగా, ఇక ఎఱుపు తప్పదని నమ్మి యొడ్డినవారు విశేషధనమును గోల్పోయిరి.

ఇట్టి జడయంత్రమును కథయందు నిలుపుట సులభము కాదు. తెరమీద గోళి యెచ్చట బడవలయునో ముందుగా నిర్ణయించువాడు దర్శకుడు. కావున చలనచిత్రమునందు దిరుగు ప్రతిచక్రమును కపటచక్రమే. ప్రేక్షకుడును ఈ సంగతి నెఱుగును. కథానాయకునకు అదృష్టమువలన గెలుపు కలిగెనని చూపినంతమాత్రమున అద్భుతరసము పుట్టదు. కథకుని సౌకర్యమే బయటపడును. ఈ చిక్కును మూడు ప్రసిద్ధచిత్రములు మూడు రీతుల నెదుర్కొన్నవి.

మైకేల్ కర్టిజ్ దర్శకత్వమున 1942లో వెలువడిన ‘కాసాబ్లాంకా’ మొదటిది. యుద్ధకాలమున మొరాకోలో జిక్కుపడిన యొక బల్గేరియా దంపతులకు దేశము విడుచుటకు అనుమతిపత్రములు కావలెను. భర్త రిక్ అనువాని శాలలో రూలెట్ ఆడి యున్న సొమ్మును బోగొట్టుకొనుచుండును. పత్రములకై పోలీసు అధికారి రెనో కోరు మూల్యము తన శీలమని యెఱిగిన భార్య, రిక్‌ను సమీపించి, అట్టి త్యాగము క్షంతవ్యమా యని మఱుగుమాటలతో నడుగును. రిక్ ఆమెకు కఠినముగనే బదులు చెప్పి లేచిపోవును. పిమ్మట భర్త ప్రక్కను నిలిచి 22వ సంఖ్యపై నొడ్డుమనును. చక్రము త్రిప్పువాడు యజమాని మాట వినును. 22 పడును. ధనమును అచ్చటనే యుంచుమనగా మరల 22 పడును. న్యాయమైన చక్రమున నిట్లు జరుగుట 1,369 మాఱులలో నొకమాఱు మాత్రమే సంభవము. ఇచ్చట దర్శకుడు కపటమును దాచలేదు. దానిని పాత్రచేతికే యప్పగించెను. తాను ఎవరికొఱకును దేనిని వదలుకొననని చెప్పుకొను రిక్ హృదయము, అతని మాటలవలన గాక ఆ గోళి పడుటవలన తెలియుచున్నది.

ఈ ఘట్టము తెలుగుపాఠకునకు సభాపర్వమును దలపునకు దెచ్చును. నన్నయభట్టారకుని కావ్యమున పాచికలు దైవవశమున బడలేదు, శకునివశమున బడినవి. జూదమునకు వెనుక నొక మానవసంకల్పమును నిలిపినప్పుడే అది కథకు బీజమగునని ప్రాచీనకవులెఱుగుదురు. రిక్ శకునికి విలోమరూపము. శకుని కపటము ఒక కులస్త్రీని సభకీడ్చినది. రిక్ కపటము మఱియొక కులస్త్రీ మానమును గాపాడినది.

టామ్ టిక్వర్ 1998లో నిర్మించిన జర్మనుచిత్రము ‘లోలా పరుగు’ వేఱుమార్గము ద్రొక్కినది. ప్రియుని ప్రాణమునకై లోలా ఇరువది నిమిషములలో లక్షమార్కులు సంపాదింపవలెను. ఒకే కథ మూడు విధముల నడచును. మూడవమాఱు ఆమె 20వ సంఖ్యపై నొడ్డి గెలుచును. మరల దానిమీదనే యొడ్డి, అద్దములు పగులునట్లు కేక వేయగా గోళి 20నందే పడును. ఇది అసంభవమే యైనను అనుచితము కాదు. కథయంతయు ఆటనియమముల ననుసరించి మాఱుచుండుటయే దానికి గారణము. అంతకంటె చమత్కారమేమన, ఆమె వచ్చునప్పటికి ప్రియుడు పోయిన సొమ్మును దానే సంపాదించుకొనియుండును. అంత యద్భుతమైన గెలుపు అనావశ్యకమగుటయే ఈ చిత్రము పలుకు నిజము.

ఫ్రెంచి దర్శకుడు జాక్ దెమీ 1963లో వెలువరించిన ‘దేవదూతల యఖాతము’ చక్రస్వభావమును యథాతథముగ జూపినది. బ్యాంకుగుమాస్తా జాన్ నీస్ నగరమున జాకీ యను స్త్రీని గలిసికొనును. జూదవ్యసనమువలన నామె భర్తకును బిడ్డకును దూరమైనది. వారిరువురు గెలుతురు, క్రొత్తదుస్తులును కారును గొందురు, మాంటీకార్లోకు బోయి సర్వమును గోల్పోవుదురు. గెలుపు పుణ్యఫలము కాదు, ఓటమి పాపఫలము కాదు. మిషెల్ లెగ్రాన్ పియానోసంగీతము మరల మరల నావర్తించి, చక్రభ్రమణమునే చెవికి వినిపించును. జాకీకి ద్యూతశాల దేవాలయమువంటిది, ధనము నైవేద్యమాత్రము. వ్యసనపు రూపమును ఇంత నిష్పక్షపాతముగ జూపిన చిత్రములు అరుదు.

అయినను తుదిఘట్టము విచార్యము. జాన్ ఆటశాలను విడిచి పోవుచుండగా, జాకీ ఆటబల్లను వదలి యద్దములనడుమ బరువెత్తి యాతనిని గౌగిలించుకొనును. చిత్రమంతటను కారుణ్యమెఱుగని చక్రమును జూపిన దర్శకుడు, కడపట ప్రేమయను నొక సంఖ్యపై దానే గోళిని బడవేసెను. రిక్ కపటమునకు అతని హృదయము సాక్షి. దెమీ చూపిన యీ గెలుపునకు సాక్షి లేదు. మఱునాడు జాకీ మరల ఆ బల్లయొద్ద గూర్చుండదని నమ్ముటకు ఆ కథయందు ఒక్క కారణమును గానరాదు. ప్రేక్షకుడు ఆ యాలింగనమును జూచి సంతోషించును. సంతోషించుచునే, ఒక్కమాఱు గెలిచిన జూదరివలె, లేచిపోవుటకు సందేహించును.