గోండి తెలుగుకు బిడ్డ కాదు

మా భాషల గురించి తెలుగులో వచ్చే వ్యాసాల్లో ఒక మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. గోండి తెలుగు నుంచి విడిపోయిన యాస అని, అడవిలో ఉండిపోయి పాడైందని. రాసేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, చాలామంది మా మీద ప్రేమతోనే రాస్తారు. కానీ ఆ మాట బడిలోకి వచ్చేసరికి గోండు పిల్లవాడు ఇంట్లో నేర్చుకున్నదంతా తప్పు తెలుగు అయిపోతుంది. అందుకే ఊరుకోలేం.

ఆరు అనే అంకెను చూద్దాం. తెలుగులో ఆరు, గోండిలో సారుంగ్. తెలుగు పాడైతే గోండి అయ్యేటట్టయితే ఆ 'స' ఎక్కడి నుంచి వచ్చింది? మూల ద్రావిడంలో ఈ మాటకు మొదట్లో 'చ' ఉండేదని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. గోండి దాన్ని 'స'గా నిలుపుకుంది, తెలుగు పూర్తిగా వదిలేసింది. ఉప్పు సంగతీ అంతే. ఆదిలాబాద్ గోండిలో సోవర్. తూర్పుకు, దక్షిణానికి పోయేకొద్దీ కొన్నిచోట్ల హోవర్, మరికొన్నిచోట్ల ఓవర్. 'స' 'హ' అయింది, ఆ 'హ' కూడా ఊడిపోయింది. తెలుగులో ఎప్పుడో జరిగిపోయిన మార్పులాంటిదే మా ఊళ్ళ మధ్య మెట్టుమెట్టుగా కనిపిస్తోంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1998లో దీని మీదే ఒక పరిశోధన వ్యాసం రాశారు. అంటే ఈ మాటల్లో పాత రూపం మా దగ్గరే ఉంది. అలాగని తెలుగు గోండి నుంచి పుట్టిందనీ కాదు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు, ఆ తల్లి ఇప్పుడు లేదు.

పోలిక చూసి చుట్టరికం కలపడం ఇంకో పొరపాటు. మా పక్క గూడెంలోని కొలాములు ఆరును 'ఆర్' అంటారు. అచ్చం తెలుగే! కానీ కొలామీలో నాలుగు దాటిన అంకెలు తెలుగు నుంచి అరువు తెచ్చుకున్నవి. అదే కొలాములు ఉప్పును 'సుప్' అంటారు, అది వాళ్ళ సొంతం. అందులోనూ 'స' ఉంది చూడండి. తెలుగు, గోండి దక్షిణ మధ్య ద్రావిడ శాఖవి, కొలామీది మధ్య ద్రావిడ శాఖ. దగ్గరగా వినిపించే 'ఆర్' అరువు, దూరంగా వినిపించే సారుంగ్ రక్తసంబంధం. లిపి చూసి చెప్పేవాళ్ళకూ ఇదే జవాబు. తెలుగుకు లిపిలో కన్నడ దగ్గర, భాషలో గోండి దగ్గర.

ఇక 'గిరిజన భాషలు' అని అన్నింటినీ ఒకే మూటగా కట్టడం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. మంచి పని. అయితే ఆ ఎనిమిదీ ఒక్క కుటుంబం కాదు. సవర ముండా భాష, సంతాలీకి చుట్టం. ఆదివాసీ ఒరియా, బంజారా ఇండో ఆర్య భాషలు. సవరకు నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారి జయంతి రోజునే, సవర కూడా తెలుగు యాసేనని ప్రసంగం వినాల్సి వస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

తెలుగువాళ్ళకు ఈ బాధ తెలియనిది కాదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందన్న రోజుల్లో, 1816లో, ఎల్లిస్ అది కాదని రుజువులు చూపించాడు. దానికి సంతోషించే పెద్దలు అదే కొలత మాకెందుకు పెట్టరు?

మనవాళ్ళకూ ఒక మాట చెప్పాలి. కోపంలో కొందరు గోండియే అన్ని భాషలకూ తల్లి అని, సింధు ముద్రల మీద ఉన్నది గోండియేనని రాస్తున్నారు. పండితులందరూ ఒప్పుకునేలా ఆ లిపిని ఇంతవరకు ఎవరూ చదవలేదు. వేల ఏళ్ళుగా మారని భాష అంటూ ఎక్కడా ఉండదు. మన గోండిలో మరాఠీ మాటలు ఎన్ని ఉన్నాయో సంతలో నిలబడి వింటే తెలుస్తుంది. మనల్ని చిన్నచేసిన లెక్కనే తిరగేసి మనం ఇంకొకరి మీద వాడితే ఎట్లా? సారుంగ్‌లోని 'స' అంత గట్టి రుజువు చేతిలో ఉండగా ఆ గొప్పలు మనకెందుకు?

గోండి, కోయ, కొలామీ, కువి, కొండ మాట్లాడే ఊళ్ళలోని టీచర్లు తమ దగ్గర ఉప్పును, ఆరును ఏమంటారో ముసలివాళ్ళను అడిగి, ఊరి పేరుతో రాసి పంపండి. వచ్చే పుస్తకంలో పక్కపక్కన వేస్తాం.