శకలమూ అసంపూర్తీ: 'బ్రాడ్‌కాస్ట్' సంగీతప్రస్థానం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
'బ్రాడ్‌కాస్ట్' ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో 1995లో ఏర్పడిన ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతబృందం. దీని కృషిని విమర్శకులు చాలావరకు గతస్మృతి దృష్టితోనే వివరించారు. 2011లో గాయని ట్రిష్ కీనన్ మరణించాక ఆ వివరణకు విషాదచ్ఛాయ కూడా తోడైంది. అయితే ఈ బృందం ప్రస్థానాన్ని నడిపించిన ప్రధానసూత్రం స్మరణ కాదనీ, సంక్షేపణమనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఎలక్ట్రానిక్ సంగీతం, బ్రాడ్‌కాస్ట్, ట్రిష్ కీనన్, హాంటాలజీ, శకలరూపం, మరణానంతర ప్రచురణ.

1. ప్రవేశిక:
ఒక కళాకారుడు అకాలంగా మరణిస్తే అతని రచనలన్నింటినీ ఆ మరణం వైపు నుండి వెనక్కు చదవడం విమర్శలో తరచు కనిపించే ధోరణి. పూర్వరచనల్లో మృత్యుసూచనలు వెతుకుతారు. అసంపూర్ణమైన చిత్తుప్రతులకు పూర్ణరచనల గౌరవం ఇస్తారు. 'బ్రాడ్‌కాస్ట్' విషయంలో ఈ ధోరణి మరీ బలంగా ఉంది. పాత టెలివిజన్ ధ్వనులను, మరుగునపడిన గ్రామఫోన్ రికార్డులను ప్రేమించిన బృందం కావడంతో దాన్ని గతానికి అప్పగించడం సులువైంది.

2. మూలధ్వనులు:
ఈ బృందానికి రెండు ప్రధానమైన స్ఫూర్తులు ఉన్నాయి. ఒకటి, 'ది యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా' అనే అమెరికన్ బృందం 1968లో వెలువరించిన ఏకైక ఆల్బమ్. రెండవది, బి.బి.సి. 1958లో నెలకొల్పిన రేడియోఫోనిక్ వర్క్‌షాప్. అక్కడి సంగీతజ్ఞులు టేపును ముక్కలుగా కోసి, అతికించి, వేగం మార్చి నాటకాలకు, విద్యాకార్యక్రమాలకు ధ్వనులు సృష్టించేవారు. 1963లో డెలియా డెర్బీషైర్ రూపొందించిన 'డాక్టర్ హూ' ప్రారంభసంగీతం ఆ పద్ధతికి ప్రసిద్ధ నిదర్శనం.

ఆ వర్క్‌షాప్ లండన్‌లోని మైదా వేల్ స్టూడియోలలో ఉండేది. 1998లో అది మూతపడింది. 'బ్రాడ్‌కాస్ట్' అదే భవనంలో 1996 నుండి రేడియో కోసం పాటలు రికార్డు చేసింది. అంటే, బృందం తొలిసారి అక్కడ అడుగుపెట్టేనాటికి వర్క్‌షాప్ ఇంకా మూతపడలేదు. కాబట్టి ఈ సంబంధాన్ని గతించినదానిపై బెంగగా కాక, సజీవమైన పనితనానికి వారసత్వంగా గ్రహించడం సమంజసం.

3. సంక్షేపణమార్గం:
తొలినాళ్ల చిన్న రికార్డులను కూర్చి వార్ప్ సంస్థ 1997లో 'వర్క్ అండ్ నాన్ వర్క్' ప్రచురించింది. 2000లో తొలి పూర్తి ఆల్బమ్ 'ది నాయిజ్ మేడ్ బై పీపుల్' వెలువడింది. అందులో గిటారు, కీబోర్డు, డ్రమ్ములు కలసి సాంద్రమైన వాతావరణాన్ని కల్పిస్తాయి. 2003 నాటి 'హాహా సౌండ్'లో రొద ఇంకా పెరిగింది. 'పెండ్యులమ్' అనే పాటలో వాద్యఘోష గొంతును కప్పివేయజూస్తుంది. కీనన్ మాత్రం స్వరం పెంచదు. గమకం గానీ, కంపనం గానీ లేని ఆమె సాదా గొంతు ఆ ఘోష మధ్య నిశ్చలంగా నిలబడుతుంది.

2005లో 'టెండర్ బటన్స్' వచ్చేసరికి బృందంలో కీనన్, జేమ్స్ కార్గిల్ ఇద్దరే మిగిలారు. డ్రమ్ముల స్థానంలో యంత్రలయ ప్రవేశించింది. సభ్యులు వెళ్లిపోవడం వల్ల కలిగిన లోటే ఈ మార్పుకు కారణమని ఆక్షేపించవచ్చు. అందులో కొంత నిజం ఉంది. కానీ లోటును పూడ్చుకోవాలనుకున్న బృందం కొత్త వాద్యకారులను చేర్చుకుంటుంది. వీరు లోటునే శైలిగా స్వీకరించారు. గెర్‌ట్రూడ్ స్టైన్ 1914 నాటి గ్రంథం పేరును ఆల్బమ్‌కు పెట్టుకోవడం, అర్థసంబంధం కన్నా ధ్వనిసంబంధంతో పదాలను పేర్చడం ఇందుకు సాక్ష్యాలు. వాద్యాలతో పాటు వాక్యం కూడా తగ్గింది.

2009లో జూలియన్ హౌస్ 'ది ఫోకస్ గ్రూప్'తో కలసి చేసిన ఆల్బమ్‌లో 23 భాగాలున్నాయి. సంఖ్య పెరిగింది గనుక ఇది సంక్షేపణకు విరుద్ధమనిపించవచ్చు. నిజానికి ఇక్కడ కుదించుకుపోయింది పాట అనే ప్రమాణమే. అనేక భాగాలు మొదలైనంతలోనే తెగిపోతాయి.

4. 'హాంటాలజీ' వివరణ - పరిమితి:
గతం వర్తమానాన్ని వదలక వెంటాడుతుందనే భావానికి జాక్ డెరిడా 1993లో 'హాంటాలజీ' అని పేరుపెట్టాడు. మార్క్ ఫిషర్, సైమన్ రేనాల్డ్స్ వంటి విమర్శకులు ఆ పదాన్ని సంగీతానికి అన్వయించారు. 'బ్రాడ్‌కాస్ట్' మూలధ్వనులను గుర్తించడానికి ఈ వివరణ ఉపకరిస్తుంది. కానీ 2000 నుండి 2009 వరకు బృందం ఎందుకు అంతగా మారిందో ఇది చెప్పలేదు. వెంటాడే గతం ఒక్కటే అయినా, ఒక్కో ఆల్బమ్ రూపం ఒక్కో తీరుగా ఉంది.

5. మరణానంతర ప్రచురణలు:
2011 జనవరి 14న కీనన్ న్యుమోనియాతో మరణించింది. పీటర్ స్ట్రిక్‌లాండ్ చిత్రం 'బెర్బేరియన్ సౌండ్ స్టూడియో' సంగీతం 2013లో ఆల్బమ్‌గా వచ్చింది. అందులో 39 భాగాలు. వాటిలో చాలావాటి నిడివి నిమిషం లోపే. 2024లో చిత్తుప్రతుల సంపుటాలు రెండు వెలువడ్డాయి. 'స్పెల్ బ్లాంకెట్'లో 2006-2009 నాటి 36 ముక్కలున్నాయి. 'డిస్టెంట్ కాల్'లో చాలావరకు అంతకుముందే ప్రచురితమైన పాటల తొలిరూపాలున్నాయి.

ఇక్కడ విమర్శకునికి ఒక విచక్షణ అవసరం. శకలం వేరు, అసంపూర్తి వేరు. 2009 ఆల్బమ్‌లోని శకలాన్ని కర్తలే కోసి, ఇంతే చాలని నిర్ణయించారు. 'స్పెల్ బ్లాంకెట్'లోని ముక్క విషయంలో ఆ నిర్ణయం జరగలేదు. వినడానికి రెండూ ఒకే తీరుగా ఉండవచ్చు. అంతమాత్రాన చిత్తుప్రతిని కీనన్ తుది మాటగా భావించడం ఆమె సంపాదకత్వశక్తిని తక్కువచేయడమే అవుతుంది.

అలాగని చిత్తుప్రతులను నిరాకరించనక్కరలేదు. 'డిస్టెంట్ కాల్'లో 'పెండ్యులమ్' తొలిరూపం లభిస్తుంది. ఆల్బమ్‌లోని ఘోష అందులో లేదు. గొంతు, బాణీ స్పష్టంగా వినిపిస్తాయి. అంత రొద మోసిన పాటకు కూడా మూలం నిరాడంబరమైన బాణీయే అని దీనివల్ల తెలుస్తుంది. ఆ వెలుగులో 'టెండర్ బటన్స్' లేమికి గుర్తుగా కాక, పాట మూలానికి చేసిన తిరుగు ప్రయాణంగా కనిపిస్తుంది.

6. ముగింపు:
'బ్రాడ్‌కాస్ట్' పాత ధ్వనులను వాడుకున్నా, వాటి నీడలో ఆగిపోలేదు. ప్రతి దశలోనూ ఏది లేకుండా పాట నిలబడగలదో పరీక్షించింది. ఆ పరీక్ష 2011లో మధ్యలో ఆగింది. ఆగిన చోటును ముగింపుగా చూపడం మరణానికి లేని కర్తృత్వాన్ని అంటగట్టడమే. ఏ ముక్కను కీనన్ కోసిందో, ఏ ముక్క ఆమె చేతి నుండి జారిపోయిందో వేరుచేసి చూపడమే ఈ బృందంపై జరగవలసిన పరిశోధనకు తొలిమెట్టు.